ఏడో లైను

మనుషులకు హక్కులు మరీ ఎక్కువైపోయాయనీ, వాటిలో అన్నిటికంటే ముఖ్యమైనదేదో ప్రజలే తేల్చి చెబితే ఆ ఒక్కదాన్నీ ప్రభుత్వం కంటికి రెప్పలా కాపాడుతుందనీ, మిగతావాటికి గౌరవప్రదమైన విశ్రాంతి ఇస్తుందనీ హక్కుల శాఖ మంత్రిగారు టౌన్‌హాల్లో ప్రకటించినప్పుడు సభ యావత్తూ చప్పట్లు కొట్టింది. ముందు వరసలో కూర్చున్న హక్కుల కార్యాలయం సూపరింటెండెంటు అందరూ ఆపేశాక కూడా కొట్టాడు. ఉద్యోగంలో చేరిన నాటినుంచీ ఏ సభలోనైనా ఆఖరి చప్పట ఆయనదే. పైవాళ్ల దగ్గర ఆయనకు మంచి పేరుండటానికి అది కొంత కారణం.

"ఇరవైమందిని కన్న తల్లి ఒక్కణ్ణి కూడా సరిగ్గా పెంచలేదు," అన్నారు మంత్రిగారు. "మనుషులకు ముప్పై హక్కులున్నాయని పుస్తకాల్లో రాశారు. రాసినవాళ్లకేం, రాసి చక్కా పోయారు. మొయ్యాల్సింది మేము. అందుకే అడుగుతున్నాను, ఒక్కటి చెప్పండి. ప్రాణం పెట్టి కాపాడతాం."

ఏ ప్రభుత్వమైనా తనకు తోచిన హక్కును తోచినప్పుడు తీసేస్తుంది. ఏది తియ్యాలో ప్రజలనే అడిగి, వాళ్ల ఇష్టప్రకారం తీసేసే ప్రభుత్వాన్ని సూపరింటెండెంటు ఇంతవరకూ చూడలేదు. ఆయన కళ్లు చెమ్మగిల్లాయి.

తర్వాత మంత్రిగారు, "ఎవరికైనా సందేహాలుంటే అడగొచ్చు," అన్నారు. ఈ మాట ఏ సభలోనైనా కుర్చీలోంచి లేస్తూ అనేదే. డ్రైవర్లు కార్లు తిప్పి పెట్టుకోవాలని దానర్థం. హాల్లో ఉన్నవాళ్లందరికీ ఈ సంగతి తెలుసు. తెలియనివాడు ఒక్కడే. వాడు వేదిక పక్కన నిచ్చెనెక్కి, సభ మధ్యలో మొరాయించిన ఫ్యానును బాగుచేస్తున్నాడు.

"మొదటొచ్చిన హక్కు సంగతి సరేనండీ," అన్నాడు వాడు, పళ్లమధ్య పట్టుకున్న స్క్రూడ్రైవరు తీసి. "విశ్రాంతి తీసుకునేవాటిని మళ్లీ ఎప్పుడు లేపుతారు?"

నిచ్చెన మీదివాడు తన బామ్మర్దేనని సూపరింటెండెంటుకు తెలుసు. ఆ ప్రశ్న వినగానే ఆయన కుర్చీలో కిందికి జారి, బూట్ల లేసులు కట్టుకోసాగాడు. ఆయన వేసుకున్నవి చెప్పులు.

"చాలా మంచి ప్రశ్న," అని మంత్రిగారు ముఖం తుడుచుకుని కారెక్కారు. ఇన్‌స్పెక్టరు స్వయంగా నిచ్చెన పట్టుకుని ఆ కుర్రాణ్ణి దింపాడు. భుజం మీద చెయ్యివేసి, "మెల్లగా, మెల్లగా, మెట్టుంది," అంటూ జీపుదాకా నడిపించుకెళ్లాడు. ఆ మర్యాద చూసి, ఎవరికో సన్మానం జరుగుతోందనుకుని వెనక వరసలవాళ్లు మళ్లీ చప్పట్లు కొట్టారు.

సూపరింటెండెంటు ఇల్లు చేరేసరికే కబురు ఆయనకంటే ముందు చేరింది. భార్య గుమ్మంలో నిలబడి ఉంది.

"ఏమండీ, మీది హక్కుల ఆఫీసే కదా?"

"అవును."

"మరి మా తమ్ముణ్ణి తీసుకురాకుండా ఒక్కరే వచ్చారేం?"

"మాది హక్కుల ఆఫీసే. మనుషుల ఆఫీసు కాదు."

"వాడేం తప్పు చేశాడు?"

"సందేహం అడిగాడు."

"అడగమన్నారట కదా?"

"అడగమంటే మాత్రం అడిగేస్తారటే ఎవరైనా?"

ఆవిడ గుమ్మంలోంచి లోపలికి వెళ్లిపోయింది. తల్లి పోయిననాటికి ఆ తమ్ముడికి నడక కూడా రాదు. చంకన వేసుకుని పెంచింది. పెళ్లయ్యాక వాణ్ణి వెంటబెట్టుకునే కాపురానికి వచ్చింది. ఇప్పుడు వాడికి సొంత రిపేరు కొట్టుంది. అయినా అక్కింట్లో తిరిగే ప్రతి ఫ్యానూ వెలిగే ప్రతి దీపమూ వాడి చేతి చలవే. బతుకు కోరేవాడు బావమరిది అని పెద్దలు ఊరికే అనలేదు. ఆ పూట పొయ్యి వెలగలేదు. "వాడొచ్చాకే వంట," అందావిడ. సూపరింటెండెంటుకు బామ్మర్ది గురించి నిజంగానే బాధ కలిగింది. ఆకలి మొదలయ్యాక ఇంకాస్త కలిగింది.

మర్నాడు పొద్దున్నే ఆయన పోలీసు స్టేషనుకు వెళ్లాడు. ఇన్‌స్పెక్టరు ఎదురొచ్చి, తన చేత్తో కుర్చీ తుడిచి కూర్చోబెట్టాడు. మర్యాదలో ఆయన తర్వాతే ఎవరైనా.

"మా బామ్మర్దిని అరెస్టు చేశారటండీ."

"ఛఛ, అరెస్టేమిటండీ! ఉంచుకున్నాం, అంతే. అరెస్టయితే కారణం రాయాలి. ఇక్కడ కారణమేమీ లేదు."

"కారణం లేకపోతే వదిలెయ్యొచ్చు కదా?"

"వదలడానికి మాత్రం కారణం ఉండొద్దా?"

సూపరింటెండెంటు ఫైళ్లలో నలిగిన మనిషి కాబట్టి ఈ వాదంలోని బలాన్ని వెంటనే గ్రహించాడు. కానీ ఇంటి దగ్గర చల్లారిన పొయ్యి గుర్తొచ్చి, ఇంకో అడుగు ముందుకు వేశాడు.

"కారణం లేకుండా మనిషిని పట్టి ఉంచకూడదని ఒక హక్కుందండీ. మా ఆఫీసు గోడకు ఫ్రేము కట్టించి కూడా పెట్టాం."

"ఎందుకు లేదూ, నేనూ చూశాను. మంచి ఫ్రేము. కానీ ఇప్పుడు హక్కులన్నీ సర్వేలో ఉన్నాయి కదండీ. ఏది మొదటొస్తుందో తేలేదాకా దేన్నీ కదపొద్దని పైనుంచి ఆర్డరు. ఆ ఆర్డరు టైపు చేయించింది తమరే."

అది నిజమే. అందులో ఒక్క అచ్చుతప్పు కూడా లేదు.

"పోనీ, ఆ హక్కే మొదటొస్తే?"

ఇన్‌స్పెక్టరు గుండె మీద చెయ్యివేసుకున్నాడు. "మరుక్షణం నుంచీ ఈ స్టేషన్లో కారణం లేనివాడు ఒక్కడుండడు. నా మాట నమ్మండి."

లోపలి గదిలో బామ్మర్ది స్టేషను ఫ్యానును విప్పి, ముక్కలన్నీ నేలమీద పరుచుకుని కూర్చున్నాడు. ఊరికే కూర్చుంటే తోచదు కదా అని ఇన్‌స్పెక్టరే ఇప్పించాడట.

"బాగానే ఉన్నానని అక్కకి చెప్పు బావా," అన్నాడు వాడు. "ఇంతకీ నా ప్రశ్నకి జవాబేమిటట?"

"నోర్ముయ్యరా," అన్నాడు సూపరింటెండెంటు. ఆ మనిషికి ప్రేమ వస్తే అలాగే మాట్లాడతాడు.

సర్వే జరిపించే బాధ్యత ఆయనదే. పద్ధతి మాత్రం మంత్రిగారిది. కాగితాలు పంచితే చదువురానివాళ్లకు అన్యాయం. చేతులెత్తమంటే ఎత్తిన చెయ్యి ఎవరిదో తెలియదు. మంత్రిగారు కాసేపు కళ్లు మూసుకుని, "మన జనానికి పుట్టుకతో వచ్చిన విద్య ఒకటుంది. లైన్లో నిలబడటం," అన్నారు. "ఒక్కో హక్కుకీ ఒక్కో బోర్డు పెట్టండి. ఎవరికేది కావాలో దాని వెనక నిలబడతారు. సాయంత్రం టేపు పెట్టి కొలవండి. పొడుగు లైనుదే గెలుపు." ఇంత తేలికైన ప్రజాస్వామ్యం ఇన్నాళ్లూ ఎవరికీ ఎందుకు తట్టలేదో అని ఆఫీసంతా ఆశ్చర్యపోయింది.

మైదానంలో ఏడు లైన్లకే చోటుంది. అందుకని ముప్పై హక్కుల్లో ఏడింటిని తీసుకున్నారు. మిగిలినవి స్థలాభావం వల్ల ముందుగానే విశ్రాంతికి వెళ్లాయి. తిండి, ఇల్లు, వైద్యం, చదువు, పని, మాట్లాడటం, ఈ ఆరింటి మీద పేచీ రాలేదు. ఏడోది సెలవు హక్కు కావాలని ఆఫీసు సిబ్బంది ఏకగ్రీవంగా తీర్మానించి ఉన్నారు. సూపరింటెండెంటు దాన్ని కొట్టేసి, 'కారణం లేకుండా నిర్బంధింపబడకుండుట' అని బోర్డు రాయించాడు.

సిబ్బంది నొచ్చుకున్నారు. "ఇన్నేళ్ల సర్వీసులో మమ్మల్ని ఎవరూ పట్టుకుపోలేదు సార్," అన్నాడు టైపిస్టు. "సెలవు మాత్రం ఏటా ఎగ్గొడుతూనే ఉన్నారు."

బోర్డు పెట్టించడం తేలికే. దాని వెనక మనుషుల్ని నిలబెట్టడం ఎంత కష్టమో ఆ సాయంత్రం సెలూన్లో తెలిసింది. సెలూనువాడు ఆయన మెడకు గుడ్డ చుట్టి, కత్తెర ఆడిస్తూ అద్దంలోంచి అడిగాడు.

"ఏడో హక్కుంటే ఏమొస్తుంది సార్?"

"తప్పు చెయ్యకపోతే నిన్నెవరూ పట్టుకుపోరు."

"తప్పు చెయ్యనివాణ్ణి నన్నెందుకు పట్టుకుపోతారు?"

"చెయ్యకపోయినా పట్టుకుపోతే?"

"అంతకు తెగించినవాళ్లు హక్కుందని ఆగుతారా సార్?" సెలూనువాడు ఆయన తలను కొంచెం పక్కకు వంచాడు. "పైగా ఆ లైన్లో నిలబడితే, గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు ఉంటుంది. నేను పని లైన్లోకే పోతాను. రోజంతా నిలబడే చేసేవాణ్ణి, నాకదే అలవాటు."

పక్కింటి పెద్దావిడ మనసు మెత్తన. ఆవిడైతే కాదనదని సూపరింటెండెంటు వెళ్లి అరుగు మీద కూర్చున్నాడు.

"పిన్నిగారూ, రేపు తమరు ఏడో లైన్లో నిలబడాలి."

"అందులో ఏమిస్తారు నాయనా?"

"ఏమీ ఇవ్వరండీ. ఎవరినీ ఊరికే లోపల వెయ్యకుండా ఉంటారు."

"నీ బామ్మర్ది సంగతేగా?" ఆవిడ నిట్టూర్చింది. "బంగారంలాంటి పిల్లాడు. మా నీళ్ల మోటారు ఎన్నిసార్లు బాగుచేశాడో. వాడికోసం కావాలంటే కూర్చుని ఏడుస్తాను నాయనా. కానీ ఇంట్లో నలుగురు మనవలున్నారు. తిండి లైను మాత్రం వదలను."

ఆవిడ మాటలో తప్పేమీ లేదు. అందుకే సూపరింటెండెంటుకు ఒళ్లు మండింది.

వీధి చివర రిటైరైన హెడ్మాస్టరుగారు మాత్రం విషయాన్ని లోతుగా ఆలోచించాడు. "హక్కులనేవి ఒకదాని చెయ్యి ఒకటి పట్టుకుని నడుస్తాయండీ," అన్నాడాయన. "ఒకదాన్ని వదిలితే రెండోది పడుతుంది. ఒక కాలు మాట్లాడే హక్కు లైన్లోనూ, ఒక కాలు మీ లైన్లోనూ పెట్టొచ్చా?"

"రెండు లైన్లలో కాళ్లు పెడితే చెల్లదు మాస్టారూ. రూలు అలా ఉంది."

"రూలు ఎవరు రాశారు?"

"నేనే."

"అయితే మాట్లాడే లైనులోకే వెళతాను," అన్నాడు హెడ్మాస్టరు. "పట్టుకుపోతే కనీసం పట్టుకుపోయారని చెప్పుకోవచ్చు."

సూపరింటెండెంటు ఇంటికొచ్చి ఈ మాటలన్నీ భార్యకు చెప్పాడు. ఆవిడ విని, "అయితే మా తమ్ముడి వైపు నేనొక్కదాన్నేనా?" అంది. ఆయన తలొంచుకున్నాడు. సర్వే అధికారి ఏ లైన్లోనూ నిలబడకూడదు. ఆ రూలు కూడా ఆయన రాసిందే.

సర్వేనాడు మైదానం కిటకిటలాడింది. తిండి లైను పొద్దున్నే గేటు దగ్గరకు పాకింది. మాట్లాడే హక్కు లైను కూడా తీసిపారేసేదేమీ కాదు. లాయర్లు, మాస్టార్లు, కవులు, సంఘాల కార్యదర్శులు, ఇంట్లో మాట్లాడే వీలులేని భర్తలు, అందరూ అందులోనే ఉన్నారు. ఏడో లైన్లో ఇద్దరే నిలబడ్డారు. ఒకరు సూపరింటెండెంటు భార్య. ఇంకొకడు మఫ్టీలో ఉన్న కానిస్టేబులు. ఆ లైన్లోకి ఎలాంటివాళ్లు వస్తారో చూసిరమ్మని ఇన్‌స్పెక్టరు పంపాడు.

ఎండ ముదిరింది. అప్పుడు జనం తమకు తెలిసిన పని చేశారు. ఎవరి చోట్లో వాళ్లు చెప్పులు విడిచి, గోడ నీడకు వెళ్లి కూర్చున్నారు. టిక్కెట్ల దగ్గర చేసేదీ, ఆస్పత్రి చీటీల దగ్గర చేసేదీ ఇదే. చెప్పున్నచోట మనిషి ఉన్నట్టేనన్నది అందరూ ఒప్పుకున్న ధర్మం. తండ్రి ఆస్తి దగ్గర తలలు పగలగొట్టుకునే అన్నదమ్ములు కూడా లైన్లో చెప్పు దగ్గర మాట తప్పరు.

సూపరింటెండెంటుకు ధర్మసందేహం వచ్చి మంత్రిగారికి ఫోను చేశాడు. "సార్, మైదానంలో మనుషులు లేరు. చెప్పులే ఉన్నాయి. చెప్పుల్ని కొలవచ్చా?"

"జనం తరఫున ఎవరో ఒకరు నిలబడటమే కదయ్యా ప్రజాస్వామ్యం," అన్నారు మంత్రిగారు. "ఎన్నికల్లో మేం నిలబడటంలేదూ? చెప్పులు నిలబడితే తప్పేమిటి?"

అలా ఎండలో చెప్పులు నిలబడ్డాయి. తోలువి, రబ్బరువి, మడమ దగ్గర చిల్లులు పడ్డవి, పిన్నీసుతో పట్టీ నిలబెట్టుకున్నవి, అన్నీ బోర్డులవైపు ముఖాలు పెట్టి ఓపిగ్గా నిలబడ్డాయి.

మిగతా లైన్లవాళ్లు గోడ నీడన కునుకు తీస్తుంటే, మాట్లాడే హక్కువాళ్లు మాత్రం ఉత్తకాళ్లతో రోడ్డు దాటి క్యాంటీనుకు వెళ్లారు. మాట్లాడే హక్కులో మాట్లాడకుండా ఉండే హక్కు కూడా కలిసే ఉందా, లేక అది వేరే హక్కా అని అక్కడ చర్చ మొదలైంది. ఇది సాయంత్రం దాకా తెమలదని క్యాంటీను యజమాని గ్రహించి, ఇంకో బిందెడు పాలు తెప్పించాడు.

సూపరింటెండెంటు భార్య మెల్లగా ఆయన పక్కకు వచ్చి నిలబడింది.

"ఏమండీ, ఆ ఆరో లైను దగ్గర ఎవరూ లేరు."

"అయితే?"

"ఏం లేదు. చెప్పులకు నోరుందా అని ఆలోచిస్తున్నాను."

సూపరింటెండెంటు నిజాయితీపరుడు. ఆఫీసు పెన్సిలు ముక్క కూడా ఏనాడూ ఇంటికి తీసుకుపోలేదు. అయినా ఆయన కళ్లు లైన్ల వెంట తిరిగాయి. తిండి లైనుకేసి చూస్తే పిన్నిగారి చెప్పులు కనిపించాయి. వాటి మీద చెయ్యి వెయ్యడానికి మనసొప్పలేదు. వైద్యం లైన్లో సగం చెప్పులు రోగులవి. ఇక మిగిలింది మాట్లాడేవాళ్లే. వాళ్లకు ఏం నష్టం? ఒకవేళ అన్యాయం జరిగినా, అందరిలోకీ నోరున్నవాళ్లు వాళ్లే కదా, అడుగుతారు. ఇలా అనుకోగానే ఆయన మనసు తేలికపడింది.

కానిస్టేబులును మంచినీళ్లు తెమ్మని పంపించి, భార్యాభర్తలిద్దరూ నడుం వంచారు. ఆవిడ కొంగులో వేసుకుంది, ఆయన చేతుల్లో పట్టుకున్నాడు. జతలు విడిపోకుండా, వరస తప్పకుండా మోశారు. ఆరో లైన్లో ముందున్న చెప్పు ఏడో లైన్లోనూ ముందే ఉంది. సీనియారిటీ దెబ్బతినడం ఆయనకు గిట్టదు. కొలిచేది పొడుగే కాబట్టి, జతకూ జతకూ మధ్య కాస్త గాలాడేట్టు ఎడం కూడా వదిలారు.

చెప్పుల్లేని మనిషి ఒకడు మాత్రం ఆరో లైన్లో, ఎండలో, అలాగే నిలబడి ఉన్నాడు. తన బదులు పెట్టడానికి వాడి దగ్గర ఏమీ లేదు. వీళ్ల రాకపోకలు చూస్తూ కూడా వాడు ఏమీ అనలేదు.

"మాట్లాడే హక్కంటే నీకు అంత పట్టుదలా?" అని సూపరింటెండెంటు కొంచెం భయంగానే అడిగాడు.

"ఇది తిండి లైను కాదాండీ?" అని వాడు గేటువైపు పరుగెత్తాడు.

కునుకు తీసి లేచిన జనం మైదానంకేసి చూసి నివ్వెరపోయారు. ఏడో లైను గేటు దాటి రోడ్డెక్కింది. "అంత పొడుగుందంటే ఏదో ఇస్తున్నారన్నమాట!" అని ఎవరో అన్నారు. ఇల్లు లైన్లోంచి కొందరు, చదువు లైన్లోంచి కొందరు చెప్పులు చేతబట్టుకుని అటు ఉరికారు. సెలూనువాడు కూడా అటే పరుగెత్తాడు. ఏమిస్తున్నారని ముందువాణ్ణి అడిగితే, "నాకేం తెలుసు, నీ వెనకవాణ్ణడుగు," అన్నాడు.

క్యాంటీనునుంచి తిరిగొచ్చిన హెడ్మాస్టరు తన చెప్పుల ముందు నిలబడి చాలాసేపు బోర్డుకేసి చూశాడు.

"నేను ఇక్కడేనా నిలబడ్డాను?"

"చెప్పులు మీవేనా మాస్టారూ?" అని అడిగాడు సూపరింటెండెంటు.

"నావే."

"మరి?"

హెడ్మాస్టరు ఆలోచించాడు. "చర్చలో పడి మనసు మార్చుకుని ఉంటాను," అని చెప్పుల్లో కాళ్లు పెట్టుకున్నాడు. ఆయన అంతటివాడే ఒప్పుకున్నాక, వెనక వచ్చిన లాయర్లూ కవులూ ఎవరి చెప్పుల్లో వాళ్లు నిలబడిపోయారు.

టేపు పెట్టి కొలిచారు. ఏడో లైనుదే గెలుపు. తిండి రెండోది. మాట్లాడే హక్కు లైన్లో కొలవడానికి ఏమీ లేకపోతే సూపరింటెండెంటు టేపు చుట్టేసి, సున్నా అని రాసి సంతకం పెట్టాడు. తిండికంటే స్వేచ్ఛ మిన్న అన్న ప్రజల పరిణతిని మర్నాడు పత్రికలు వేనోళ్ల పొగిడాయి. పక్కింటి పెద్దావిడ మాత్రం ఆ రోజంతా గోడవతలనుంచి పలకరించలేదు.

"నెగ్గారన్నమాట," అని ఇన్‌స్పెక్టరే స్వయంగా ఫోను చేశాడు. "నేనన్న మాట మీదే ఉన్నాను సార్. మంత్రిగారు కొత్త శాఖ ఒకటి తెరుస్తున్నారు. ఆ సభలోనే మీ బామ్మర్ది విషయం తేల్చేద్దామన్నారు. అమ్మగారిని కూడా తీసుకురండి."

ఆ మధ్యాహ్నం ఇంట్లో పొయ్యి వెలిగింది. భార్య తమ్ముడి చొక్కా ఉతికి, ఇస్త్రీ చేసి, సంచిలో పెట్టుకుంది. ఆ చొక్కా వేసుకుని వాడు ఇంటికి నడిచి రావాలని ఆవిడ కోరిక. సూపరింటెండెంటు కొత్త పంచె తీశాడు. చాలా రోజుల తర్వాత ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

సభలో ఆయన్ను వేదిక మీదికి పిలిచి, మంత్రిగారి పక్కనే కూర్చోబెట్టారు. ఇవతలి చివర ఇన్‌స్పెక్టరు, ఆయన పక్కన బామ్మర్ది కూర్చున్నారు. భార్య ముందు వరసలో, ఒళ్లో సంచి పెట్టుకుని తమ్ముడికేసే చూస్తోంది. వాడు అక్కకేసి చెయ్యి ఊపాడు. మంత్రిగారు తాడు లాగారు. తెర తొలగింది. 'కారణాల శాఖ' అన్న బోర్డు కనిపించింది.

"కారణం లేకుండా ఏ మనిషినీ ఉంచకూడదని ప్రజలు తీర్పిచ్చారు," అన్నారు మంత్రిగారు గంభీరంగా. "ఈ ప్రభుత్వం ఆ తీర్పుకు తలవంచింది. లోపలున్నవాళ్లలో ఎంతోమందికి ఇప్పటిదాకా కారణమన్నదే లేదు. ఎంత అన్యాయం! ఎంత అమానుషం! ఇకనుంచి అడిగినా అడక్కపోయినా లోపలున్న ప్రతి ఒక్కరికీ కారణం అందుతుంది. పూర్తిగా ఉచితం. సర్వేను ఇంత దక్షతగా జరిపించిన సూపరింటెండెంటుగారే ఈ శాఖకు మొదటి డైరెక్టరు."

హాలు చప్పట్లతో మారుమోగింది. సూపరింటెండెంటు చేతులు సగం లేచి ఆగిపోయాయి.

"సార్," అన్నాడాయన మంత్రిగారి చెవి దగ్గర. "వదిలేస్తారనుకున్నాను."

"ఎందుకు వదలాలి? వాళ్లకు లేనిది కారణం ఒక్కటే కదా. ఆ లోటు తీరుస్తున్నాం."

"మావాడు ప్రశ్న అడిగాడు సార్, అంతే. అది తప్పెలా అవుతుంది? మాట్లాడే హక్కు ఉంది కదా..."

"ఉండేది," అన్నారు మంత్రిగారు జాలిగా. "దాని లైన్లో ఒక్క చెప్పు కూడా లేదని సంతకం పెట్టింది మీరే. పాపం, విశ్రాంతి తీసుకుంటోంది. ఇప్పుడు లేపడం బాగుండదు."

"అయితే నన్నేం రాయమంటారు?"

"జరిగింది జరిగినట్టు రాయండి. అబద్ధం రాయమని ఈ ప్రభుత్వం ఎవరినీ అడగదు."

మంత్రిగారు జేబులోంచి కలం తీసి, మూత కూడా తనే తీసి ఇచ్చారు. ఫోటోగ్రాఫర్లు ముందుకు జరిగారు. సూపరింటెండెంటు ముందు వరసకేసి చూడలేదు. చూస్తే రాయలేనని ఆయనకు తెలుసు. రాయకపోతే ఏమవుతుందో కూడా తెలుసు. వేదిక మీదినుంచి కిందికి దిగడానికి ఆయనకు కాళ్లు రాలేదు, అంతే. 'ప్రశ్న అడిగినందున' అని రాశాడు. ఆయన దస్తూరీ ఎప్పుడూ గుండ్రంగా ఉంటుంది.

ఇన్‌స్పెక్టరు ఆ కాగితం అందుకుని బిగ్గరగా చదివాడు. మళ్లీ చప్పట్లు మోగాయి. "గట్టి కారణం సార్," అన్నాడు సంతోషంగా. "ఇన్నాళ్లూ ఈ పిల్లాణ్ణి ఊరికే ఉంచుకున్నానే అని నాకు అన్నం సహించలేదు."

బామ్మర్ది కాగితాన్ని అటూఇటూ తిప్పి చూశాడు. "పోన్లే బావా, ఇన్నాళ్లకు తెలిసింది," అన్నాడు. వాడి గొంతులో కోపం లేదు. సూపరింటెండెంటుకు అదే భరించడం కష్టమైంది. "ఇంతకీ ఎన్నాళ్లు ఉంచుతారట?"

"అది వేరే హక్కు బాబూ," అన్నాడు ఇన్‌స్పెక్టరు నొచ్చుకుంటూ. "మైదానంలో దానికి చోటు చాల్లేదు."

ముందు వరసలో సూపరింటెండెంటు భార్య లేచి నిలబడింది. ఇస్త్రీ చొక్కా ఉన్న సంచి గుండెలకు హత్తుకుని ఉంది.

"ఏమండీ," అంది, హాలంతా వినబడేట్టు. "అడగమంటేనే కదా వాడు అడిగింది? ఆ మాట మీ చేత్తో మీరెలా రాశారండీ?"

చప్పట్లు ఒక్కసారిగా ఆగిపోయాయి. సూపరింటెండెంటు ఆవిడకేసి చూశాడు. ఇన్‌స్పెక్టరు గబగబా వేదిక దిగి, ఆవిడ చేతిలో సంచి అందుకుని, "మెల్లగా అమ్మా, మెట్టుంది," అంటూ దారి చూపించాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చినట్టు ఆగి, వేదికవైపు తిరిగాడు.

"సార్, అమ్మగారు అడిగినవి రెండు ప్రశ్నలు. కారణం ఒకటి రాసిస్తే సరిపోతుందా, విడివిడిగా రాస్తారా?"